మిరియం పళ్ళెం

వాళ్ళు పెప్పర్ అంటారు, నేను మిరియం అంటాను.
రెండిటికీ తోక ఊపుతుంది, దానికేం పోయింది.

మొదటి వారం కోడి.
ఉడకబెట్టకూడదు, ఉప్పు పడకూడదు,
పసుపు కూడా వద్దంది నందిత మేడం.
పచ్చి మెడముక్క పళ్ళెంలో వేస్తే
మిరియం నా ముఖం చూసింది,
పొయ్యి వెలిగించడం మర్చిపోయావా అన్నట్టు.
ముక్క నోట కరుచుకుపోయి
హాల్లో తివాచీ మీద పెట్టి
పక్కనే కాపలా పడుకుంది.

ఫ్రిజ్ తలుపుకి దారంతో వేలాడే నోటుపుస్తకం:
ఏ రోజు ఏ మాంసం, ఎన్ని గ్రాములు,
మర్నాడు దొడ్డికెలా వెళ్ళింది,
గట్టిగానా, మెత్తగానా, నీళ్ళగానా.
నా పిల్లలిద్దరికీ ఇంత లెక్క రాయలేదు.
రాసుంటే చిన్నాడికి గుడ్డు పడదని
ఏడాది ముందే తెలిసేది.

కొత్తది ఎప్పుడూ ఒక్కటే రావాలి.
పాతదాని మధ్యలో దాక్కుని రావాలి.
మొదటిరోజు గోరంత,
మూడోరోజు ఉసిరికాయంత,
వారం తిరిగేసరికి గుప్పెడు.
తొందరపడితే కడుపు తిరగబడుతుంది.
టర్కీకి తొందరపడ్డాం.
ఆ రాత్రి లిఫ్టులోనే... సర్లెండి.
మూడు రోజులు గుమ్మడికాయ గుజ్జు,
మళ్ళీ కోడి దగ్గర్నుంచి మొదలు.

కౌజుపిట్ట నచ్చింది, ఎముకలతో సహా కరకర.
కుందేలు వాసన చూసి వెనక్కి నడిచింది.
మేక కార్జం జారిపోతుంటే నాకి నాకి వదిలేసింది,
పెనం మీద అటూ ఇటూ చూపించి తెస్తే ఒక్క గుటక.
అది మేడంకి చెప్పలేదు,
పుస్తకంలోనూ లేదు.

చెవుల వెనక గోకుడు మాత్రం తగ్గలేదు.
డాక్టరు ఇంకో మాంసం పేరు చెప్పాడట,
దోసకాయ పేరు చెప్పినంత మామూలుగా.
మేడం వంటింట్లోకొచ్చి కిటికీ వేసి
"ఎస్తేరూ, ఎక్కడ దొరుకుతుందో నీకు తెలిసుంటుంది కదా" అంది.
ఏదో అనలేదు.
ఏదని నేనూ అడగలేదు.

ఆరేళ్ళ కిందట, పనిలో చేరిన మొదటి సోమవారం,
నా టిఫిన్ డబ్బా మూత తీయగానే
ఇదే కిటికీ తెరిచింది.
"తప్పుగా అనుకోకు, ఇక్కడ వద్దు."
అప్పట్నుంచి నా డబ్బా బాల్కనీలో,
వాషింగ్ మెషీన్ పక్కన,
సముద్రపు గాలికి చల్లారుతూ.

పుళియంతోపులో దావూదన్న కత్తి ఆపాడు.
"కొవ్వు వద్దా? ఏంటక్కా, ఇంట్లో గొడవా?"
"కుక్కకి."
"ఏ వీధి కుక్క?"
"బీసెంట్ నగర్ కుక్క."
పక్కవాళ్ళు కూడా నవ్వారు.
బొక్కొకటి కొసరేశాడు, డాక్టరు ఫీజు అంటూ.
మూడు కవర్లలో చుట్టి
బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
మా అమ్మ ఇదే కూరని
కొత్తిమీర కాడలేసి దాకలో వండేది,
తలుపు వేయకుండా.

ఇప్పుడది గాజు డబ్బాలో, నీలం మూత కింద,
పెరుగు పక్కన, నడిమి అరలో.
మీద మేడం చేత్తో అతికించిన చీటీ,
కుక్క పేరు.

గోరంత పెట్టాను.
మిరియం నా ముఖం చూడలేదు,
తివాచీ దాకా పోలేదు.
పళ్ళెం వాసన చూసింది,
నా వేళ్ళు వాసన చూసింది,
మళ్ళీ పళ్ళెం.
కొత్తేముంది దీనికి?
ప్రతి సోమవారం నా చేతుల మీద
ఆదివారాన్ని వాసన చూస్తూనే ఉంది కదా.

వారమయ్యింది. గుప్పెడు. గట్టిగా.
గోకుడు లేదు.
మాంసం పేరు గడి మేడం ఖాళీగా వదిలేసింది.
తెలుగులో, పెద్ద అక్షరాలతో,
పెద్దకూర అని రాశాను.
"ఏం రాశావ్?" అంది, ఆమెకి తెలుగు రాదు.
"ఉన్నదే" అన్నాను.

మర్నాడు నా డబ్బాని
బాల్కనీ గడప దాటించి ఇవతల పెట్టాను,
ఒక్క జానెడు.

తొందరేం లేదు.