యార్డు

వాళ్ల ఆటలో దూరాన్ని యార్డుల్లో కొలుస్తారు.
మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.
మా గుంటూరులో యార్డు ఒక్కటే.
చుట్టుగుంట దాటితే చాలు, ఎటు వెళ్లాలో గాలే చెబుతుంది.
తుమ్మినవాడు పైవూరివాడు,
తుమ్మనివాడు మావాడు.

నీలి టోపీ పెట్టుకుని పరాయి కొండ మీద ఏడాది కాపలా.
కంచెకి అటొకళ్లు, ఇటొకళ్లు, నడుమ మేం.
శనివారం రాత్రి డ్యూటీ దిగి,
జీపులోనే ఓ కునుకు తీసి, ఆదివారం పొద్దున్నే
దిగువన రేవు పట్నంలో
ఉప్పుగాలికి గడ్డి మాడిన మైదానానికి చేరేవాణ్ని.
రొట్టెల కొట్టువాడు, పళ్ల డాక్టరు, కాలేజీ కుర్రాళ్లు,
పోలండ్ సార్జెంటు, నేను.
జీతం లేని జట్టు.
మనుషులం ఇరవై, హెల్మెట్లు పదమూడు.
దిగినవాడి చెమట ఆరకుండానే
ఎక్కేవాడి నెత్తి మీదకి.

కోచ్ నా నడుం తట్టి చూశాడు.
మోకాలు ఇలా వంచి, వెన్ను అలా నిలపడం
ఎవరు నేర్పారన్నాడు.
చెప్పడానికి ఇంగ్లీషు చాల్లేదు.
పదో తరగతి సెలవుల్లో మీరాసా మామ,
మిర్చి టిక్కీ కిందకి నన్ను దూర్చి,
"బరువు నడుం మీద కాదురా, నేల మీద పెట్టు" అన్నాడని.

వరసలో ఎడమ చివర నిలబెట్టారు.
బంతి పట్టినవాడి మీదకి ఎవడూ రాకుండా అడ్డం పడటం,
అదే నా పని.
పదకొండు ఆటలు. ఒక్కసారీ బంతి ముట్టుకోలేదు.
"ఎన్ని గోల్స్ కొట్టావన్నా?" అని ఫోన్లో సువార్త.
భుజానికి ఐసు కట్టుకుని
సిగ్నల్ లేదని పెట్టేశాను.

సెమీఫైనల్ నాడు డ్యూటీ పడింది.
సుబేదార్ సాబ్ నా చీటీ విప్పకుండానే
"ముందు ఏది?" అన్నాడు.
నేను మాట్లాడలేదు. ఆయనా ఆగలేదు.
రెండు నుంచి ఆరు, మూడో నంబరు బురుజు.
బైనాక్యులర్ దక్షిణానికి తప్ప తిప్పకూడదు.
తిప్పాను.
అర నిమిషం.
చీమలంత మనుషులు. ఎడమ చివర, నా అరవైనాలుగో నంబరు చొక్కాలో
పళ్ల డాక్టరు. ఆయనకి వంగడం రాదు.
ఆ సందులోంచే వచ్చారు.
మళ్లీ దక్షిణానికి తిప్పితే
ఒక కాపరి, తొమ్మిది మేకలు, ఎండ.
లాగ్ బుక్కులో గంటగంటకీ నా చేతిరాతే:
చెప్పుకోదగ్గదేమీ లేదు.
చెప్పుకోదగ్గదేమీ లేదు.

సెలవు మీద వచ్చాను. కిట్ బ్యాగులో బంతి,
రొట్టెల కొట్టువాడు ఇచ్చింది.
బ్రాడీపేట లైన్లో పిల్లలు మూగారు.
"ఏంటన్నా, తాటికాయా?"
"ఫుట్‌బాల్."
"కాలితో తంతారా?"
"ఎక్కువ చేత్తోనే."
"మరా పేరెందుకు?"
"నన్నడక్కండి. నేను ముట్టుకోలేదు."

తెల్లారి యార్డుకి పట్టుకెళ్లాను. తేజా సరుకు దిగుతోంది.
మీరాసా మామ తువ్వాలుతో చేతులు తుడుచుకుని
బంతిని తిప్పితిప్పి వాసన చూశాడు.
"దీని కోసమా ఏడాదంతా కుస్తీ?"
"దీని కోసం కాదు మామా. మోసేవాడి కోసం."
"వాడెవడు?"
"ఒక్కో వారం ఒకడు."
ఆ మాటని కాసేపు వక్కతో పాటు నమిలాడు.
"రైతెవడో. కొనేవాడెవడో.
మధ్యలో మన మెడ."

కాటా గుమాస్తా చూడనిదేదీ యార్డులోకి రానీయడు.
బంతిని పళ్లెంలో పెట్టాడు.
"నాలుగొందల పది గ్రాములు."
కళ్లజోడు పైకి తోసి, వేలితో నొక్కి,
"తేమ బాగా ఉందబ్బాయ్,
తరుగు పోను ఏం మిగలదు, రేటు రాదు" అన్నాడు.
హమాలీల వరసంతా నవ్వింది, నేనూ నవ్వబోయాను.
తుమ్మొచ్చింది.
ఒకటి కాదు, మూడు.
అందరూ ఇటు చూశారు.
మామ ఒక్కడే చూడనట్టు
లారీ వైపు తిరిగాడు.