నడిమి పొర

చెంగల్రాయులు అంగడికి ఆ పెట్టె వచ్చిన రోజు
హైరోడ్డంతా బురద.
పద్నాలుగు కిలోల బరువు.
మద్రాసు లారీ ఆగినకాడి నుంచి
కూలీకి ఇవ్వకుండా తానే మోసినాడు,
చెప్పులు పట్టుకునేదానికి నన్ను పిలిచి.
నాకప్పుడు పదిహేడు.
టంకం పెట్టడం, టీ తేవడం, చెప్పులు మొయ్యడం
మూడూ నా ఉద్యోగమే.

పక్కంగట్లో క్యాసెట్టు కాపీ ఇరవై రూపాయలు.
ఎదురంగట్లో ఒక్క సీడీలో
నూటయాభై పాటలు కుక్కి ముప్పై.
మా కాడ
పదకొండు సూపర్ ఆడియో డిస్కులు,
అద్దాల బీరువాలో, తాళం వేసి,
నగలంగడి మాదిరి.
వెల చూసి జనం
ఆ అద్దంలో తల దువ్వుకుని పోయేవాళ్ళు.

"సెకనుకి ఇరవై ఎనిమిది లక్షల సార్లు
గాలి నాడి పట్టి చూస్తుందిరా ఇది.
మామూలు సీడీకి ఆ ఓపిక యాడిది?"
డిస్కులో రెండు పొరలుంటాయని చెప్పినాడు.
పైది అందరిదీ.
నడిమిది ఈ పెట్టె కోసమే.
మామూలు ప్లేయరు వెలుగు
ఆ నడిమి పొరలోంచే దూరి పోతుంది గానీ
అక్కడొకటి ఉందని దానికి తెలియదు,
బెంగుళూరు నుంచి తిరపతి పోయే బస్సులు
అద్దాలు మూసుకుని
మా చిత్తూరు గుండా పోయినట్టు.

వీణ డిస్కు పెట్టి
షట్టరు సగం దించేవాడు.
"మెట్టు మీంచి వేలు లేచినప్పుడు
తీగె ఊపిరి పీల్చుకుంటుంది.
ఇనపడిందా నైనా?"
"ఇనపడింది సార్."
అబద్ధం.
చక్కెర ఫ్యాక్టరీ సైరను కింద పెరిగిన చెవులు నావి.

మిషన్ ఆసుపత్రి నర్సు కరుణమ్మ
బేస్తవారం డ్యూటీ దిగి వచ్చేది.
ఏమీ కొనేది కాదు.
స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేది.
ఒకనాడు వేలెత్తింది.
"ఇక్కడ ఎవరో కాగితం తిప్పినారు."
చెంగల్రాయులు వెనక్కి జరిపి విన్నాడు.
ఏడు సార్లు.
ఆనక అన్నాడు, "అవునమ్మా, తిప్పినారు."
ఆ గొంతు నేను గుర్తుపట్టినా.
అది నా గొంతే.

తరవాత చెప్పేదానికి పెద్దగా లేదు.
కొత్త డిస్కుల జాబితా నాలుగు పేజీల నుంచి ఒక పేజీకి,
పేజీ నుంచి పోస్టుకార్డుకి వచ్చింది.
ఆ పైన రాలేదు.
వీధిలో పాటలన్నీ ఫోన్లలోకి కాపురం మారినాయి.
క్యాసెట్టు చచ్చినా దానికి పిల్లలుండారు,
కాపీకి కాపీ, దానికో కాపీ,
పెళ్ళి పందిట్లో, ట్రాక్టరు మీద గరగరలాడతా.
దీన్ని ఎవరూ కాపీ కొట్టకుండా
కంపెనీవాళ్ళే తాళం బిగించినారు.
దొంగలు రాని ఇల్లు.
చుట్టాలూ రాలేదు.

లెన్సు మసకబారింది.
దూదికి స్పిరిట్టు అద్ది ఎన్నిసార్లు తుడిచినానో.
"ఆ మోడలు ఆపేశాం" అని
మద్రాసు నుంచి ఒక్క ముక్క జవాబు.
బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి
చెంగల్రాయులు పలమనేరు పోయినాడు,
అల్లుడి టమోటా మండీలో లెక్కలు రాసేదానికి.

ఇప్పుడా అంగడి నాది.
ఫోన్ల తొడుగులు అమ్ముతా.
పద్నాలుగు కిలోల పెట్టె మీద చార్జర్లు పరిచినా.
మామిడితోపు గంగులప్ప వచ్చి
చిలకల్ని బెదిరించేదానికి పాత సీడీలు అడిగితే
ఖాళీవి నలభై ఇచ్చినా.
ఆ పదకొండూ ఇయ్యలేదు.
ఎందుకని అడిగినాడు. చిల్లర లెక్కబెడతా ఉండిపోయినా.

పోయిన బేస్తవారం కరుణమ్మ వచ్చింది,
చెవిలో మిషను.
వీణ డిస్కు మామూలు ప్లేయర్లో పెట్టినా.
పై పొరే. అంతకు మించి దానికి చేతకాదు.
సరిగ్గా అక్కడే
ఆమె వేలు లేచింది.

బయట తిరపతి బస్సు హారను కొట్టింది.
వేలు దిగలేదు.
"అవునమ్మా" అనబోయి
ఊరుకున్నా.
వెనక్కి జరిపినా.