బల్ల మీద కొండ

ఫిబ్రవరిలో బడి ఇచ్చే సెలవు ఒక్క వారం.
దాని కోసం నవంబరు రాత్రి
వంటింట్లో ఐదుగురం కూర్చున్నాం.
సూప్ గిన్నెలు పక్కకి జరిపి
బల్ల మీద కొండల్ని పరిచాం.

మడతలు విప్పిన కాగితపు కొండలు.
నీలం గీత అంటే నెమ్మది,
ఎరుపు అంటే కాస్త గుండె,
నలుపు అంటే
అది నీకూ దేవుడికీ మధ్య విషయం.

బ్రీనా వేలు తిన్నగా నలుపు మీదే వాలింది.
పదిహేనేళ్లు. దాని మోకాళ్లకింకా భయం పుట్టలేదు.
"ఓస్త్రి రోబ్ వెళ్దాం" అంది.
పేరులోనే పదునైన అంచు.
అక్కడ నీలం గీత ఒక్కటే,
అదీ కార్లు ఆపే చోటు పక్కన
బిచ్చం వేసినట్టు.

జీగాకి ఆరు.
పోయినేడు లిఫ్ట్ కుర్చీ ఎక్కించబోతే
స్తంభాన్ని వాటేసుకుని వదల్లేదు.
వెనకాల క్యూ అంతా ఓర్పు నేర్చుకుంది.
వాడికి కావాల్సింది ఎత్తు తెలియని ఎత్తు,
కాళ్ల కింద నెమ్మదిగా కదిలే పట్టా.

వాల్టర్, నా భర్త, పీరాన్ వాడు.
తాతలు ఉప్పు మడుల్లో పని చేశారు.
తెల్లగా ఏది కనపడినా
పారతో లాగి కుప్ప పోద్దామనే చూస్తాడు.
పదహారేళ్లుగా నేర్చుకుంటున్నాడు,
పడటం మాత్రం బాగా వచ్చింది.
పడ్డప్పుడల్లా మంచుని నాలుక మీద వేసుకుని
"చప్పగా ఉంది" అంటాడు.

మా నాన్న లోయ్జె ఏమీ అనలేదు.
ఈ గీతలు ఎవరూ గీయకముందే
ఆ వాలుల్లో కాళ్లు విరిగినవాళ్లని
వీపున కట్టుకుని దించినవాడు.
ఇప్పుడు ఎడమ మోకాలిలో ఉక్కు.
చాలాసేపటికి అడిగాడు:
"బెంచీ మీద ఎండ ఎన్నింటిదాకా ఉంటుంది?"

అక్కడ పడింది ముడి.
మంచు నిలవాలంటే కొండ ఉత్తరానికి తిరగాలి,
నాన్నకి ఎండ కావాలంటే దక్షిణానికి.
వాల్టర్ ఫోన్‌లో లెక్క వేశాడు,
టికెట్లు, గదులు, జీగాకి మాస్టారు, అద్దె బూట్లు.
లెక్క అయ్యాక ఫోన్‌ని బోర్లా పెట్టాడు.

పెద్ద కొండల్లో అన్నీ ఉంటాయి, నిజమే.
నలుపు ఒక లోయలో దిగుతుంది, నీలం ఇంకో లోయలో.
పొద్దున విడిపోయి రాత్రి బస్సులో కలవాలి.
దానికి అంత దూరం దేనికి,
ఇంట్లో బతుకుతున్నది అలాగే కదా.

గీతల మొదళ్లు చూడటం మానేశాను.
చివరలు చూశాను.

మెద్వెద్యె సెడ్లో. ఎలుగుబంటి జీను.
చిన్న కొండ. నలుపు ఒక్కటి, పొట్టిది.
బ్రీనా మూతి ముడిచింది.
కానీ నలుపూ, ఎరుపూ, నీలమూ,
ఆఖరికి జీగా పట్టా కూడా
ఒకే కర్ర గుడిసె గుమ్మంలో ఆగుతాయి.
గుమ్మం పడమటి వైపు.
ఎండ ఒంటిగంటకి గానీ రాదు,
వచ్చిందంటే నాలుగుదాకా కదలదు.

"దిగిన ప్రతిసారీ తాతకి చెయ్యూపాలి" అన్నాను.
"ప్రతిసారీనా?"
"సరే, మూడుసార్లకోసారి."

జీగా రంగు పెన్సిళ్లు తెచ్చి
గీతల పక్కన పేర్లు రాశాడు.
తాతకి పసుపు, బెంచీ దగ్గర.
నాన్నకి నీలం, కింద ఉప్పు కుప్ప బొమ్మ.
నా దగ్గర ఆగిపోయాడు.
"అమ్మా, నీ రంగేది?"

నలుగురూ నా వైపు చూశారు.
ఇన్నేళ్లూ నేను వెనక్కి తిరిగే కొండ దిగాను,
ఒకరి చేతి తొడుగు, ఒకరి కారే ముక్కు,
ఒకరి మోకాలు చూసుకుంటూ.

"ఎరుపు" అన్నాను.
గొంతు నాకే కొత్తగా వినపడింది.
"రోజుకి ఒక్కసారి. ఒక్కదాన్నే.
ఎవరి బూటూ బిగించకుండా."

నాన్న ఎర్ర పెన్సిల్ తీసుకుని
చాకుతో మొన తేలేదాకా చెక్కి
మనవడి చేతికిచ్చాడు.

గది ఇంకా బుక్ చేయలేదు.
మంచు పడుతుందో లేదో, ఈమధ్య
చలికాలాలు మాట మీద నిలబడటం లేదు.
బల్ల మధ్య కొవ్వొత్తి రెండుసార్లు ఊగి
కొండెక్కింది,
మా అందరికంటే ముందు.