ఇంటి కింది నేల

శాక్రమెంటో ఏటి కరకట్ట మీద కారాపి
కిందికి చూస్తే కనబడింది ఊరు.
ఏటికంటే పల్లంలో, ఒకే ఒక్క వీధి.
రెండు వరసల చెక్క ఇళ్ళు,
పెళ్ళిపందిట్లో కునుకుతీసే ముసలాళ్ళలా
ఒకదాని భుజం మీద ఒకటి వాలి.

లాక్ అంటారట. చైనా వాళ్ళు కట్టుకున్న పల్లె,
కాలిఫోర్నియాలో.
"పావుగంట చాలు" అన్నాడు టాక్సీ గుర్మేజ్,
సీటు వెనక్కి వాల్చి.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి.
ఏ ఊరెళ్ళినా నాకంటే ముందు నా కాళ్ళు కొలుస్తాయి.
ఈ చివర నుంచి ఆ చివరికి రెండువందల పన్నెండు అంగలు.
మధ్యలో కుక్క పడుకుని ఉంది,
చుట్టూ తిరిగితే పద్నాలుగు.

జూదపు ఇల్లు మ్యూజియమైంది.
బళ్ళో బల్లలున్నాయి, పిల్లలు లేరు.
చెక్కల సందుల్లోంచి పియర్ తోటల గాలి,
కాస్త పులిసిన వాసన.

వెనక సందులో, పాత స్నానాల తొట్టెలో
కాకరపాదు పెట్టిందొకావిడ.
ఎనభై దాటి ఉంటాయి. మగవాళ్ళ చొక్కా, రబ్బరు బూట్లు.
తీగని తాడుకెక్కిస్తూ, తల తిప్పకుండానే
"మ్యూజియం అటు" అంది.
"కాకర కోసం ఆగాను" అన్నాను.
అప్పుడు చూసింది.

పేరు ఇర్మా. ఇంటిపేరు మా.
మా భాషలో దానికి అర్థముందని చెప్పాను:
నాదీ, నావాళ్ళదీ,
ఎదుట నిలబడ్డ మనిషిది మాత్రం కాదు.
తీగ వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.
"ఇక్కడ చాలాకాలం చెల్లని మాట అది"

పక్క ఊళ్ళో కొంపలు తగలబడితే
వాళ్ళ తాత ఇటొచ్చి, మేకు మేకుకీ లెక్క రాసి
కట్టిన ఇల్లట.
కప్పు వాళ్ళది. గోడలు వాళ్ళవి.
కిటికీ, కిటికీలో కూచునే పిల్లీ వాళ్ళవే.
నేల కాదు.
చైనా వాళ్ళు నేల కొనకూడదని చట్టం.
నోటిమాట కవులు, నెలనెలా అద్దె.
చట్టం పోయాక కూడా
ఏళ్ళకేళ్ళు కాగితం రాలేదు.

పోరంబోకు చూశాను, బంజరు చూశాను,
చెరువు శిఖంలో మొలిచిన మేడలు చూశాను,
రాత్రికి రాత్రి గెట్టురాయి జరిపిన
అన్నదమ్ముల గోళ్ళలో మట్టి చూశాను.
కానీ పునాది ఒకరిదీ,
పునాది కింది మన్ను ఇంకొకరిదీ అయితే
గొలుసు ఎక్కడ ఆనించాలి?
గోడ నేలని తాకేచోట, ఆ వెంట్రుకవాసిలోనా?

ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో –
ఏటిగట్టు దిగువన పైడమ్మ గుడిసె.
నా పుస్తకంలో ఆ గడిలో "ఆక్రమణ" అని రాసింది
ఈ చెయ్యే. నీలిసిరాతో.
ఆ పూట ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చింది కూడా.

ఇర్మాకి అది చెప్పలేదు.
"పట్టా చేతికొచ్చిన రోజు ఏం చేశారు?" అనడిగాను.
"అప్పటికి మా అమ్మ లేదు" అంది ముందు.
కాసేపాగి,
"బూట్లు విప్పి నిలబడ్డాను, ఇదుగో ఇక్కడే.
అదే బురద. అంతే చల్లగా ఉంది"

మాలాంటిదే మాకింకో మాట ఉంది, మన అని.
ఎదుటి మనిషిని కూడా కలుపుకునేది.
చెబుదామనుకున్నాను.
ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట,
నోట్లోనే ఉండిపోయింది.

వెళ్తుంటే బూడిదగుమ్మడికాయ కోసిచ్చింది,
చంటిపిల్లంత బరువు.
మేం దిష్టికి గుమ్మానికి కడతామన్నాను.
"తినే వస్తువుని కట్టడమేమిటి, చారు పెట్టుకో"
అని గద్దించింది.

గంటన్నర కునుకు తీసిన గుర్మేజ్
కళ్ళు నులుముకుంటూ అడిగాడు:
"ఏముందక్కడ అంతసేపు?"
"ఇళ్ళు" అన్నాను.

కరకట్ట మలుపు తిరిగినప్పుడల్లా
వెనక సీట్లో కాయ దొర్లి
తలుపుకి కొట్టుకుంటోంది.