పది నిమిషాల నంబరు

ఊరి సిమ్ము పారెయ్యలే నేను.
నెలనెలా పైసలేసి బతికిస్తున్న,
బొడ్డు కోసినంక పేగు దాసుకున్నట్టు.
ఆధారుకు అదే ముడి, బ్యాంకుకు అదే.
ఇప్పుడు నవనీత సదువుకు గూడ అదే.

వారం సంది ఫోన్ల ఒక్కటే మాట:
"బాపూ, ఆఖరు తారీకు."
కోసిన చేన్ల పరిగె ఏరినట్టు
పిల్ల ఏడు స్కాలర్‌షిప్పులు ఏరింది.
సర్కారుది ఒకటి, వాళ్ళమ్మ బీడీల కార్డు మీద ఒకటి,
ఏదో సిమెంటు కంపెనీ ఇచ్చేదట ఇంకొకటి.
నవ్వచ్చింది నాకు.
ఇరవై రెండేండ్ల సంది వాళ్ళ సరుకు
అడుగకుంటనే నా ఊపిరితిత్తులల్ల దాస్తున్న.

ఫిజియోథెరపీ అట.
మనిషి నడుము ఎట్ల వంగుతది,
వంగింది మల్ల ఎట్ల లేస్తది,
అదంత ఒక సదువట.

తాసీల్ ఆఫీసుల అన్నరట:
"మీ నాయిన దుబాయిల ఉండె, నీకు ఫీజుల కష్టమేంది?"
దోహా అన్నా దుబాయే వాళ్ళకు,
సముద్రం అవతలంత ఒకటే బంగారం దుకాణం.
నా బిడ్డ సంచిలకెల్లి అప్పుల నోటుబుక్కు తీసి
బల్ల మీద పెట్టిందట.
"సార్, మా ఆదాయం గిది. మీరే కూడుండ్రి."
ఏజెంటుకు కట్టింది, దాని మీద మూడు రూపాల మిత్తి,
బోరు ఏసింది, ఎండింది, మల్ల ఏసింది, మల్ల ఎండింది.
ఆయన రెండు పేజీలు తిప్పి ముద్ర గుద్దిండట.
ఈ ముచ్చట చెప్తుంటే దాని గొంతుల
నాకు ఎరుకలేని పెద్దమనిషి ఒకామె మాట్లాడింది.

ఇగ నిన్న.
మెట్‌పల్లిల ఆరింటికి మీసేవ మూస్తరు.
అక్కడ ఆరంటే నాకు మూడున్నర,
లుసైల్ల పద్నాలుగో అంతస్తు, ఎండ ఇంకా నెత్తి దిగలే.
సైటు మీద ఫోన్ కనవడితే జీతం కోత.
కవర్ల సుట్టి, డబ్బ అడుగున పెట్టి,
పైన పప్పు పోసుకొని ఎక్కిన.

మూడు ఇరవై ఒకటికి డబ్బ వణికింది.
అచ్చింది. ఆరంకెలు.
పది నిమిషాలే ఆయుష్షట దానికి.
బ్యాటరీ మూడు శాతం.
సిమెంటు వేళ్ళకు తెర పలుకది.
పెన్ను లేదు, కాయిదం లేదు,
నా కనుపాపల మీద నాకే నమ్మకం లేదు.
ముందల పచ్చి గోడ ఉన్నది, అప్పుడే మెత్తిన ప్లాస్టరు.
తాపీ మొనతోని గీకిన
ఆరు అంకెలు, మూరెడంత,
బడికి పోయిన మొదటి దినం పలక మీద రాసినట్టు.

ఫోన్ సచ్చిపోయింది.
టైల్సు జీత్ బహదూర్ నన్ను సూసిండు, గోడను సూసిండు,
ఏమీ అడుగలే.
బూటులకెల్లి తన ఫోన్ తీసి ఇచ్చిండు.
వానికి గూడ నేపాల్ల ఎవలో ఏదో సదువుతుండొచ్చు.
నేను గోడను సూసి ఒక్కొక్క అంకె ఒర్రిన,
అటు దిక్కు నవనీత ఒక్కొక్కటే తిరిగి చెప్పింది.
"అయ్యింది బాపూ."

ఫోర్‌మెన్ సూడనే సూసిండు. రెండు దినాల కోత.
రాసుకోనీ.
దాని సదువుకు నేను కట్టిన మొదటి ఫీజు అది,
చీటీ గూడ ఇచ్చిండు.
గోడ మీది గీతలకు మాత్రం ఏమీ అనలే.
బాత్రూం గోడ అది, టైల్సు పట్టాలంటే
గీకిన గోడే గావాలె.

రాత్రి క్యాంపుల, పైమంచం మీద,
బిడ్డ పంపిన రసీదు పెద్దగ జేసి సదివిన.
తండ్రి పని అన్న గడిల
"ప్లాస్టరింగ్ మేస్త్రి" అని ఉన్నది.
నన్ను ఇన్నేండ్లల్ల ఎవలు గట్ల రాయలే.
వీసా మీద గూడ లేబర్ అనే ఉన్నది.
కింద ఎర్రగ ఇంకొక మాట: పరిశీలనలో.
మంచిది. పరిశీలించనీ.

పొద్దున జీత్ బహదూర్ ఆ గోడకు టైల్సు పెట్టిండు.
ఎన్నటికో ఒక షేకు అక్కడ మొకం కడుగుతడు.
పది నిమిషాలకే ఆ నంబరు సచ్చిపోయిందని
గోడకు నేను చెప్పలే.

ఇంకా ఆరు ఫారాలున్నయి.
రేపటి సంది డబ్బల
పప్పు జెర తక్కువ పోసుకోవాలె.