గోడమీద బొగ్గుగీత

గోడకి వీపు ఆనించి నిలబడమంది
అమలాపురం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పిల్ల, హిమజ.
మడమలు గోడకి బెత్తెడు ఎడం.
"బొటనవేళ్లు వెనక్కి తిప్పి చేతులెత్తండి బాబాయ్,
మోచేతులు వంచకూడదు."

ఎత్తాను.
కుడిచెయ్యి చెవి దాటి గోడని తాకింది.
ఎడమది కణత దగ్గరే ఆగిపోయింది,
లాకులు తెరవని పడవలాగ.

పళ్లు బిగించి నెట్టాను. అందింది!
"అందలేదు," అంది నవ్వకుండా.
"నడుం విల్లయింది చూడండి, డొక్కలు లేచాయి.
భుజం పని నడుం చేసిపెడుతోంది."

ఇరవై ఎనిమిదేళ్లు దింపు తీశాను.
రోజుకి నలభై చెట్లు.
గెలకి కత్తి వేసిన ప్రతిసారీ
భుజమే లేస్తోందనుకున్నాను.
నడుం దగ్గర ఎన్నాళ్లనుంచి అప్పు తెస్తోందో
నాతో ఒక్కమాట అనలేదు.

తువ్వాలు చుట్టచుట్టి రెక్క ఎముకల కింద పెట్టుకుని
వెల్లకిలా పడుకోవాలట.
ఊపిరి వదిలి, డొక్కలు దించి,
అప్పుడు చేతులు మెల్లగా తలమీదుగా.
నొప్పికి ఇవతలే ఆగాలి.
పదిసార్లు. రెండు పూటలా.
మోకూ లేదు, బందమూ లేదు,
చాపమీద పడుకుని
కనపడని చెట్టెక్కుతున్నాను.

తర్వాత గోడవైపు తిరిగి
అరచేతి అంచు పైకి జార్చి
ఆగినచోట బొగ్గుతో గీత.
మొదటి వారం గీతమీదే గీత.
కాలవ కట్టేసిన నెలంతా
రెండు వేళ్లు, అంతే.
నీళ్లు వదిలేనాటికి బెత్తెడు.
ఆ పూట వీధిలో అందరికీ చెప్పాను.

"నేనూ చూస్తానుండు,"
తడిచేతులు చీరకి తుడుచుకుని
ధనకుమారి గోడకి నిలబడింది.
పదేళ్లుగా రొయ్యల షెడ్డులో
వంగి తలకాయలు తీసే మనిషి.
రెండు చేతులూ
కనుబొమల దగ్గరే ఆగాయి.

"ఎప్పట్నించే?"

"ఏమో. పై అరలో ఆవకాయ జాడీ
కిందకి దించేశాగా, అప్పట్నించేమో.
మూడేళ్లు కాలేదూ?"

ఆ జాడీలోంచే
రోజూ వడ్డించుకుంటున్నాను.

రెండో తువ్వాలు చుట్టాను.
చాపమీద, ఆమె వీపుకింద
ఎక్కడ పెట్టాలో వేళ్లతో వెతుకుతున్నాను,
రెక్క ఎముకల కింది అంచు,
హిమజ నాకు తట్టి చూపించిన చోటు.
చక్కిలిగింత అంటోంది.

డొక్కలు దించు, అన్నాను.
కాదు కాదు,
ముందు ఊపిరి వదులు.