ఒక్కటే మడత

పాత పోస్టాఫీసు వెనక సందులో
మా మరమ్మతు గది.
కిటికీ తీస్తే ఉప్పు, మూస్తే బూజు.
హార్బర్లో ఓడ కూతేసినప్పుడల్లా
బల్ల మీది కాగితం ఉలిక్కిపడుతుంది.

ఈ వారం నా చేతికొచ్చినవి పదకొండు ఉత్తరాలు.
నేరెళ్లగెడ్డ సంస్థానం,
శ్రీ శ్రీ శ్రీ రాజా నీలాద్రి వీరభద్ర దేవు బహద్దూర్ వారు,
వయసు తొమ్మిది.
తండ్రి పోయిన పన్నెండో రోజున పాగా చుట్టి
పదమూడో రోజున రైలెక్కించి
వాల్తేరు మెరక మీద ఒక బంగళాలో దించారట,
రాజరికం నేర్చుకోమని.

మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతాను.
రామబాణం పురుగు తిన్న చోట
మైదా జిగురు రాసి, ఉల్లిపొరంత కాగితం అతికిస్తాను.
అక్షరాల జోలికి పోకూడదు, అది మా వృత్తి ధర్మం.
కళ్లకి ఆ ధర్మం తెలీదు.

"నూకాలప్పకి,
నాను బాగున్నాను.
ఇక్కడ సముద్రం రాత్రి కూడా పడుకోదు, నాకూ నిద్దర్రాదు.
నా సుక్కలపెట్ట గుడ్డెట్టిందా?
పొదగెయ్యమను. కూరొండొద్దను."

ప్రతి 'నాను' మీదా ఎర్రసిరా గీత.
పైన, గురువుగారి గుండ్రటి దస్తూరీలో, 'మేము'.
రాజుకి ఏకవచనం నిషిద్ధం.
మేము బాగున్నాము. మాకు నిద్ర పట్టుట లేదు.
ఎంతమంది, ఆ చిన్న మంచం మీద!

ఏడో ఉత్తరానికి ఎర్రసిరా పల్చబడింది.
తొమ్మిదో దాంట్లో ఒక్క గీతే.
పదకొండోది మచ్చలేనిది:
"మేము క్షేమము. మీరును క్షేమమని తలంచెదము."
పెట్ట ఊసే లేదు.

వచ్చే నెల బీచి రోడ్డులో ప్రదర్శన.
అద్దాల పెట్టె, పసుపు దీపం.
పై అధికారులకి పదకొండోదే కావాలి,
ముత్యాల్లా ఉన్నాయిట అక్షరాలు.

పుస్తకంలో స్థితి రాయాలి.
సిరా కొంత వెలిసింది. అంచులు పెళుసు.
మడత, ఒక్కటే.
అక్కడ నా పెన్ను ఆగింది.

అందిన ఉత్తరానికి ఒక్కటే మడత ఉండదు.
చదివించుకోడానికి ఎవరింటికో పట్టుకెళ్తారు,
రొంటిన దోపుకుంటారు, చెమట పడుతుంది,
పొయ్యి దగ్గర తడిచేత్తో మళ్లీ విప్పుతారు,
చివరికి నాలుగు ముక్కలై ఏ చూరులోనో పోతుంది.
ఇవి ఇంత బాగున్నాయంటే
గురువుగారి దస్త్రం దాటలేదన్నమాట.
వాల్తేరు మెరక నుంచి ఈ పోస్టాఫీసుకి
ఒంటెద్దు బండి మీద గంట దారి.
నూట పదేళ్లు పట్టింది.

నూకాలు పేరు ఇంకొక్క చోటే దొరికింది, జమాఖర్చుల కట్టలో:
"దాది నూకాలుకు బత్తెము రద్దు."
కింద సంతకం. పద్దెనిమిదేళ్ల చెయ్యి.
గొప్ప దస్తూరీ.

శనివారం గది ఊడవడానికొచ్చిన పైడమ్మ
చీపురాపి అడిగింది,
"ఏటమ్మా, అంతలాగ సూస్తన్నావ్?"
రాజుగారి ఉత్తరం అన్నాను.
"సదువు మరి."

మొదటిది చదివాను,
ఎర్రసిరా వదిలేసి, అడుగునున్నది మాత్రమే.
ఆమె నవ్వలేదు. రాజు ఇలా రాస్తాడా అనలేదు.
కొంగుతో మెడ తుడుచుకుని, కాసేపు ఆలోచించి,
"ఎట్టే ఉంటాదిలే బాబూ," అంది
నాకేసి కాదు, కాగితంకేసి చూస్తూ,
"సుక్కలపెట్టలు బాగా ఎడతాయి."